చేస్తాడా, చేయిస్తే చేస్తాడా? మానసిక వైకల్యానికి మార్కులు పడే తీరు

ఎర్రగడ్డ అనే మాట హైదరాబాద్‌లో బస్తీ పేరుగా కన్నా తిట్టుగానే ఎక్కువ వినిపిస్తుంది. "వీణ్ని ఎర్రగడ్డల పడెయ్యాలె" అని నవ్వేవాళ్లకు అక్కడి మానసిక చికిత్సాలయం గురించి తెలిసింది గేటు దాకానే. లోపల వార్డులుంటాయి, మందులుంటాయి, అంతవరకు ఊహిస్తారు. అలాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇంకో పని కూడా జరుగుతుంది. బల్లకు ఇవతల ముప్పై ఏళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్న తల్లి. అవతల డాక్టరు. "బాబు స్నానం చేస్తాడా అమ్మా?" "చేస్తడు సార్." ఆ రెండు మాటలకు కాగితం మీద సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె పడుతుంది. అలాంటి అంకెలు నాలుగు పడ్డాక, నెలకు 4,016 రూపాయల ఆసరా పింఛనుకు ఆ కుర్రవాడు అర్హుడో కాదో దాదాపు తేలిపోతుంది.

జనం నోట ఈ తంతు పేరు సదరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో వైకల్య ధ్రువపత్రాల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన పేరది. అది క్యాంపుకు, సర్టిఫికెట్‌కు, చివరికి అందులోని శాతానికి కూడా అంటుకుపోయింది. "సదరం అయిందా?", "ఎంత పర్సెంటేజీ పడ్డది?" అని అడుగుతారే గాని జబ్బేమిటని ఎవరూ అడగరు. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, వచ్చింది. కార్డు మారినా బల్ల దగ్గర ప్రశ్నలు మారలేదు.

కాలు పోతే కంటికి కనిపిస్తుంది. చెవుడును ఆడియోగ్రామ్ పట్టిస్తుంది. మనసు దెబ్బతిన్న మనిషిలో ఎంత పోయిందో చూపే ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. మరి దేన్ని కొలవాలి? ప్రపంచమంతటా ఈ ప్రశ్నకు స్థిరపడిన జవాబు ఫంక్షనల్ అసెస్‌మెంట్. జబ్బు పేరు పక్కన పెట్టి, ఆ జబ్బుతో మనిషికి రోజు ఎలా గడుస్తున్నదో కొలవడం.

దాని వెనుక తర్కం సులువైనదే. స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు రాత్రి మాత్ర వేసుకుని, పొద్దున మెట్రో ఎక్కి మాదాపూర్‌లో ఉద్యోగానికి వెళ్తారు. ఇంకొకరు జగద్గిరిగుట్టలో రెండు గదుల ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని నెలలు వెళ్లదీస్తారు. మందుల చీటీ మీద ఇద్దరి జబ్బు పేరూ ఒకటే. మొదటి మనిషికి కావలసింది మూడు నెలలకోసారి డాక్టరు, సెలవు అడిగితే కసరని మేనేజరు. రెండో మనిషికి కావలసినవి ఇల్లు, తిండి, తోడు, ఇంటికొచ్చి పలకరించే సోషల్ వర్కరు, పింఛను. జబ్బు పేరు చూసి సాయం పంచితే ఒకరికి అక్కర్లేనిది అందుతుంది, ఇంకొకరికి ఏమీ సరిపోదు.

ఈ కొలత కూడా ఒక్కరోజులో కుదురుకోలేదు. అమెరికా సైకియాట్రీలో చాలాకాలం గాఫ్ అనే స్కేలు నడిచింది. మనిషి మొత్తం స్థితికి వందలోపు ఒకే ఒక్క అంకె. అందులో రోగలక్షణాలనూ పనితనాన్నీ కలిపేశారు. చెవిలో గొంతులు వినిపిస్తూనే మిషన్ కుట్టి ఇల్లు నడుపుతున్న మనిషికి ఎంత వేయాలి? గొంతుల్ని చూసి తక్కువ వేయాలా, కుట్టుపనిని చూసి ఎక్కువ వేయాలా? 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5, అంటే అమెరికా సైకియాట్రిస్టుల జబ్బు నిర్ధారణ పుస్తకం, గాఫ్‌ను పక్కన పెట్టింది. దాని బదులు ముందుకొచ్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన హూడాస్ 2.0 అనే ప్రశ్నావళి. అర్థం చేసుకోవడం, తిరగడం, తన పనులు తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, ఇంటి పని లేదా బయటి పని, సమాజంలో పాలుపంచుకోవడం అనే ఆరు విషయాల్లో గత 30 రోజుల్లో ఎంత కష్టమైందో అది అడుగుతుంది. లక్షణాల ఊసెత్తదు.

మన దేశం తన కొలబద్దను తానే చేసుకుంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ పునరావాస కమిటీ రూపొందించిన దాని పేరు ఇండియన్ డిజెబిలిటీ ఎవాల్యుయేషన్ అండ్ అసెస్‌మెంట్ స్కేల్. పొట్టిగా ఐడియాస్. 2002లో కేంద్రం దాన్ని గెజిట్‌లో ప్రకటించింది. అప్పట్లో స్కిజోఫ్రెనియా, బైపోలార్ (ఊపు, కుంగుబాటు మారిమారి రావడం), ఓసీడీ (వద్దన్నా అదే ఆలోచన, అదే పని తిరిగిరావడం), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అనే నాలుగు జబ్బులకే వర్తించేది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతకు ఇచ్చిన నిర్వచనం అంతకన్నా విశాలమైనది. జీవితంలోని మామూలు అవసరాలను నెట్టుకురాగల శక్తి బాగా దెబ్బతినడం అనే మాట ఆ నిర్వచనంలోనే ఉంది. అంటే చట్టం కూడా రోజు గడిచే తీరునే అడుగుతోంది.

లెక్క ఎలా పడుతుంది

ఐడియాస్‌లో నాలుగు అంశాలు. తన శరీరాన్ని, ఆరోగ్యాన్ని చూసుకోవడం. మనుషులతో మెలగడం. మాట్లాడటం, అర్థం చేసుకోవడం. పని. పని అంటే ఉద్యోగం, ఇంటిపని, చదువు, వీటిలో ఏదైనా. ఒక్కో అంశానికి సున్నా నుంచి నాలుగు దాకా వేస్తారు. ఇబ్బందేమీ లేకపోతే సున్నా, పూర్తిగా చేతగాకపోతే నాలుగు. మొత్తం పదహారు. దీనికి జబ్బు ఎంతకాలంగా ఉన్నదనేదాన్ని బట్టి మరో నాలుగు దాకా కలుపుతారు. అలా ఇరవై. మొత్తం ఆరు దాటకపోతే వైకల్యం 40 శాతం లోపు. ఏడు నుంచి పదమూడు దాకా 40 నుంచి 70 శాతం. పద్నాలుగు నుంచి పందొమ్మిది తీవ్రం. ఇరవైకి ఇరవై వస్తే నూరు శాతం.

ఈ లెక్కలో అందరి చూపూ ఆరుకూ ఏడుకూ మధ్యనున్న గీత మీదే. 40 శాతాన్ని చట్టం బెంచ్‌మార్క్ అంటుంది. పింఛను, ఆదాయపు పన్నులో మినహాయింపు, ప్రభుత్వోద్యోగాల రిజర్వేషన్, అన్నీ ఆ గీతకు అవతలే. ఆ రిజర్వేషన్‌లో కూడా మానసిక రుగ్మత ఉన్నవాళ్లకు విడిగా వాటా లేదు. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం ఉన్నవాళ్లతోనూ, ఒకటికి మించిన వైకల్యాలున్నవాళ్లతోనూ కలిపి అందరికీ ఒక్క శాతం.

కాలానికి వేసే మార్కుల వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. జబ్బు ఏళ్ల తరబడి పాతుకుపోయిన మనిషికి అక్కడే నాలుగు పడితే, మిగతా నాలుగు అంశాల్లో కలిపి మూడు వచ్చినా ఏడు అవుతుంది, గీత దాటుతాడు. జబ్బు కొత్తగా వచ్చి మనిషిని కుదిపేసి, నాలుగు అంశాల్లో ఐదు వచ్చి, కాలానికి ఒకటే పడితే మొత్తం ఆరు. గీత కిందే ఆగిపోతాడు. పాత జబ్బు కష్టం పెద్దదే, కాదనడానికి లేదు. కానీ సాయం తొందరగా అందితే మనిషి తిరిగి లేచి నిలబడే అవకాశం ఎక్కువగా ఉండేది జబ్బు మొదటి ఏళ్లలోనే. ధ్రువపత్రం ఆ ఏళ్లను అంతగా పట్టించుకోదు. ఎందుకంటే అది నష్టానికి పరిహారం లెక్కగట్టే కాగితం, ఎవరికి ఏ సేవ కావాలో చెప్పడానికి పుట్టినది కాదు. ఈ సంగతి కిందకు పోయేకొద్దీ మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది.

లేవడం, లేపడం

ఇప్పుడు మళ్లీ ఆ బల్ల దగ్గరికి పోదాం. తల్లి "చేస్తడు సార్" అన్నది అబద్ధం కాదు. చేస్తాడు. కాకపోతే ఆమె పొద్దున ఆరున్నర నుంచి పదిసార్లు పిలిస్తే తొమ్మిదింటికి లేస్తాడు. నీళ్లు తోడి, తువ్వాలు భుజాన వేసి, బాత్రూం దాకా తోలుకెళ్తే లోపలికి పోతాడు. "సబ్బు రుద్దుకున్నవా బిడ్డా?" అని బయట నిలబడి అడుగుతూ ఉండాలి. బట్టలు తీసి మంచం మీద పెట్టాలి. ఆమె ఇవన్నీ ఎనిమిదేళ్లుగా చేస్తోంది. ఇదొక పని అని, దీనికి బల్ల అవతల ఒక గడి ఉందని ఆమెకు తట్టనే తట్టదు. బిడ్డను సాకడం చెప్పుకునే విషయమా?

ఈ తేడా పట్టుకోవడానికి తెలుగులో వేరే సాంకేతిక పదం అక్కర్లేదు, క్రియల్లోనే ఉంది. తినడం వేరు, తినిపించడం వేరు. లేవడం, లేపడం. వేసుకోవడం, వేయించడం. మాత్ర మింగాడా, మింగించారా? ఫంక్షనల్ అసెస్‌మెంట్ అనే పెద్ద మాట సారమంతా ఈ జంటల మధ్యనే ఉంది. అయినా బల్ల దగ్గర వినిపించేది "చేస్తాడా?" అనే మొదటి రూపమే. దానికి వచ్చేది "చేస్తడు" అనే జవాబే.

ఇందులో స్కేలు తప్పేమీ లేదు. చెబితే తప్ప స్నానం చేయకపోవడం, చెబితే తప్ప తినకపోవడం లాంటివాటిని ఐడియాస్ తీవ్రమైన లోపం కిందనే లెక్కిస్తుంది, మూడు మార్కుల మెట్టు మీద. అంటే పైన చెప్పిన కుర్రవాడికి ఆ గడిలో మూడు పడవలసిన చోట సున్నానో ఒకటో పడిపోవచ్చు. స్కేలుకు తెలిసిన సంగతి సంభాషణలో జారిపోయింది. ఆరుకూ ఏడుకూ మధ్య గీత ఉన్నచోట రెండు మార్కులు జారడమంటే పింఛను జారడమే.

ఇంగ్లండ్‌లో ఈ జారుడును నియమంలోనే కట్టడి చేయాలని చూశారు. అక్కడి 2014 కేర్ యాక్ట్ కింద పెద్దవాళ్లకు సామాజిక సంరక్షణ కావాలంటే పది విషయాలు చూస్తారు. తిండి, శుభ్రత, బట్టలు, ఇల్లు, బంధాలు, పని, బస్సుల్లాంటి సౌకర్యాలు వాడుకోవడం మొదలైనవి. వాటిలో కనీసం రెండు సాధించలేకపోవాలి, దానివల్ల బతుకు మీద గట్టి ప్రభావం పడాలి. అసలు విషయం సాధించలేకపోవడానికి ఇచ్చిన అర్థంలో ఉంది. ఇంకొకరి సాయం లేకుండా చేయలేకపోవడం ఒకటి. సాయం లేకుండా చేసినా తీవ్రమైన నొప్పి, బాధ, ఆందోళన కలిగితే అదీ చేయలేకపోవడమే. తనకో ఎదుటివారికో ప్రమాదం తెచ్చేలా చేస్తే అదీ అంతే. మామూలుగా పట్టేదానికన్నా చాలా ఎక్కువసేపు పడితే అదీ అంతే. కూకట్‌పల్లి నుంచి కోఠి బస్సు ఎక్కగలడు, కానీ ఎక్కిన దగ్గరనుంచి ఎవరో తనను చూస్తున్నారని వణికిపోతూ మూడు స్టాపులకే దిగి నడుచుకుంటూ ఇంటికొస్తాడు. ఆ నియమం ప్రకారం ఇతను బస్సు ఎక్కలేని మనిషి. మన బల్ల దగ్గర "బస్సెక్కుతాడా?" అంటే "ఎక్కుతడు."

(ఇంగ్లండ్ పద్ధతిలో అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని దీని అర్థం కాదు. నియమం బాగుండి నిధులు కరవైతే ఏమవుతుందో అక్కడివాళ్లనే అడగాలి.)

పని అనే గడి

నాలుగింటిలో అన్నింటికన్నా మెలికలున్నది పని. ఉద్యోగమో, ఇంటిపనో, చదువో ఏదైనా చూడవచ్చని స్కేలు అంటుంది. మగవాడి విషయంలో ఇది తేలిగ్గానే తేలుతుంది. ఉద్యోగం పోయింది, మళ్లీ దొరకలేదు, దొరికినచోట నిలవలేదు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి చిక్కుపడుతుంది. "వంట చేస్తుందా?" "చేస్తది." పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చిన రోజులు, గ్యాస్ కట్టేయకుండా పడుకున్న రాత్రులు, కూరలో రెండుసార్లు ఉప్పు పడ్డ పూటలు ఆ "చేస్తది"లో కలిసిపోతాయి. పైగా చెప్పేదెవరు? అత్తగారు చెబితే ఒక బొమ్మ, భర్త చెబితే ఇంకొకటి. పుట్టింట్లో వదిలేసి పోయిన మనిషి అయితే వంటగది తల్లి చేతిలో ఉంటుంది గనుక ఆమెకు చేసే అవసరమే రాదు. చేయలేకనా, చేయనివ్వకనా? ఒక్కసారి చూసి చెప్పగలిగిన విషయం కాదిది.

మనుషులతో మెలగడం అనే గడికీ ఇదే తిప్పలు. పెళ్లిళ్లకు, బోనాలకు, దసరాకు ఊరెళ్లడానికి ఆ మనిషిని తీసుకుపోరు. నలుగురిలో ఏమంటాడోనన్న భయం ఒకటి, ఇంట్లో పెళ్లి కావలసిన చెల్లెలుంటే ఆ భయానికి ఇంకో పొర. పదేళ్లు నలుగురిలోకి పోని మనిషి నలుగురితో మెలగలేడంటే అందులో జబ్బు వాటా ఎంత, తలుపు వాటా ఎంత? దీనికి స్కేలు దగ్గర జవాబు లేదు. ఉండాలనడమూ సరికాదు, అది స్కేలు పని కాదు. కానీ ఆ తలుపు తెరవగల సేవ ఏదైనా ఉందా అని ఎవరో ఒకరు అడగాలి కదా.

బస్తీ ఆసరా కూడా అంకెల్లోకి ఎక్కదు. గల్లీ చివర చాయ్ దుకాణం ఆయన డబ్బులడగకుండా గ్లాసు చేతికిచ్చి "ఇంటికి పో బేటా" అని పంపేస్తాడు. కిరాణాకొట్టువాళ్లు చిల్లర సరిగ్గా లెక్కగట్టి జేబులో పెడతారు. ఇరవై ఏళ్లుగా ఒకే గల్లీలో ఉన్న కుటుంబానికి ఇదంతా గాలిలా దొరుకుతుంది. అద్దె పెరిగి ఇంకో కాలనీకి మారిన నెలకు అదే మనిషి దారి తప్పి పోలీస్ స్టేషన్‌లో తేలతాడు. మనిషి అతనే, జబ్బు అదే, మార్కులూ అవే.

ఏ రోజు చూశారు

మానసిక రుగ్మతలు గడియారంలా నడవవు. బైపోలార్ ఉన్న మనిషి మార్చిలో ఇల్లు తాకట్టు పెట్టేంత ఊపులో ఉండి, జూన్‌లో మంచం దిగక, సెప్టెంబరులో ఎవరికీ అనుమానం రానంత మామూలుగా ఉండవచ్చు. వైకల్యం తేల్చే డాక్టర్ల బోర్డు స్లాట్ సెప్టెంబరులో దొరికితే బల్ల దగ్గర కూర్చునేది బాగున్న మనిషి. చక్కగా నవ్వుతాడు, ఆధార్ నంబరు తడుముకోకుండా చెబుతాడు. అందుకే ఆ ఒక్క పూటను కాక గడిచిన నెలల్ని, పాత చీటీలను, డిశ్చార్జి కాగితాలను చూడాలి. ఫైలు పోగొట్టుకోని కుటుంబానికి ఉన్న బలం ఇక్కడ తెలుస్తుంది. నాలుగుసార్లు ఇల్లు మారి కాగితాలు పోయినవాళ్ల జబ్బుకు వయసు చెప్పేవాళ్లుండరు. వయసు తెలియకపోతే కాలానికి పడే మార్కులూ తగ్గుతాయి.

మందు పనిచేయడం కూడా ఇక్కడ ఒక మెలికే. మాత్రలు క్రమంగా వేసుకుని కొంచెం తేరుకున్న మనిషి మళ్లీ పరీక్షకు వెళ్లాలంటే ఇంట్లో గుబులు మొదలవుతుంది. జిరాక్స్ షాపులో రోజుకు మూడు గంటలు కూర్చుంటున్నాడని చెబితే పర్సెంటేజీ తగ్గుతుందేమో, పింఛను ఆగుతుందేమో. చెప్పకపోతే అబద్ధం. మూడు గంటల పనికి వచ్చే డబ్బు చాయ్‌కీ బస్సుకీ సరి. కోలుకోవడమే నష్టమనిపించే స్థితిని కుటుంబం కావాలని తెచ్చుకోదు. ఒక్క గీతకు ఇటు సున్నా, అటు అంతా అని నియమం గీస్తే ఏ ఇంట్లోనైనా అదే లెక్క నడుస్తుంది.

ఇంకో ముచ్చట అందరికీ తెలిసినదే, పైకి ఎవరూ అనరు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు "మావాడికి కొంచెం తలనొప్పి, అంతే" అన్న కుటుంబమే, బోర్డుకు పోయేముందు "అడిగితే ఏం మాట్లాడకు, తల దించుకుని కూర్చో" అని నేర్పుతుంది. దాచేదీ ఆ ఇల్లే, పెంచి చెప్పేదీ ఆ ఇల్లే. డాక్టర్లకు ఇది తెలుసు గనుక అనుమానం అలవాటవుతుంది. ఆ అనుమానం దెబ్బ పడేది నేర్పించి తీసుకొచ్చినవాళ్ల మీద కాదు. వాళ్లు ఎలాగో తయారై వస్తారు. ఉన్నది ఉన్నట్టు, అందులోనూ సగం మింగి చెప్పే తల్లి మీద పడుతుంది.

దీనికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు, ప్రశ్న మారితే చాలావరకు సరిపోతుంది. "స్నానం చేస్తాడా?" బదులు "నిన్న పొద్దున ఎన్నింటికి లేచాడు, ఎవరు లేపారు, తర్వాత ఏం జరిగింది?" అని ఒక రోజును మొదటి నుంచి చెప్పించుకుంటే నాలుగు గడుల్లో మూడింటికి జవాబులు వాటంతటవే రాలతాయి. నేర్చుకొచ్చిన పాఠం కూడా అక్కడే తడబడుతుంది, ఎందుకంటే కల్పించిన రోజుకు వివరాలు తొందరగా అయిపోతాయి. "మీరు వారం రోజులు ఊరెళ్తే ఏమవుతుంది?" అనేది రెండో ప్రశ్న. ఆ ప్రశ్నకు చాలామంది తల్లుల దగ్గర మాట ఉండదు, ఎందుకంటే ఎన్నేళ్లుగానో వాళ్లు ఏ ఊరూ వెళ్లలేదు. ఆ మౌనం కూడా లెక్కలోకి రావలసిన సమాచారమే. అయితే ఇలా చెప్పించుకోవడానికి అరగంట కావాలి. బయట వరండాలో ఎంతమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నారో చూస్తే ఆ అరగంట ఎందుకు దొరకదో అర్థమవుతుంది.

రెండు తలుపులు

ఇక్కడ ఒక పొరపాటును విడదీయాలి. 40 శాతం రాకపోతే చికిత్స దొరకదనుకునేవాళ్లు కొందరున్నారు. అది నిజం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్ కింద, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల్లో చికిత్స పొందడాన్ని ప్రతి మనిషి హక్కు చేసింది. ఓపీకి, మందులకు, అవసరమైతే అడ్మిషన్‌కు ఏ పర్సెంటేజీ అక్కర్లేదు. 2022 అక్టోబరులో మొదలైన, ఫోన్‌లోనే మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే సర్టిఫికెట్ అడగరు. శాతం అడిగేది రెండో తలుపు, అంటే పింఛను, రాయితీలు, రిజర్వేషన్లు.

అమెరికాలో గీత ఇంకోచోట పడింది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 1993లో తీవ్ర మానసిక రుగ్మతను నిర్వచిస్తూ, జబ్బు నిర్ధారణ ఒక్కటే చాలదనీ, దానివల్ల బతుకులోని ముఖ్యమైన పనులకు గట్టి ఆటంకం కలగాలనీ పెట్టింది. పెద్దల కోసం ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక ఆరోగ్య సేవలు చాలావరకు ఆ నిర్వచనం చుట్టూ అల్లుకున్నాయి. ఉన్న డబ్బు అందరికన్నా కష్టంలో ఉన్నవాళ్లకు ముందు చేరాలన్నది దాని వెనుక ఉద్దేశం, అది అర్థం లేనిది కాదు. కానీ నిబ్బరంగా కనిపిస్తూ లోపల కూలిపోతున్న మనిషి, ఉద్యోగం ఇంకా పోలేదు గనుక అర్హుడు కాదనిపించుకునే ప్రమాదం అందులోనే ఉంది. మన దగ్గర 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 10.6 శాతం పెద్దలకు ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. వాళ్లలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ ఆ సర్వేనే చెప్పింది. (అది జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు.) ఇంత వెనకబడి ఉన్నచోట ఓపీ తలుపుకు కొత్త గీత గీయడం ఆత్మహత్యాసదృశం.

అయితే అదే 18వ సెక్షన్ హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రి వదిలాక, ఇంటికి చేరేముందు కొన్నాళ్లు ఉండే చోట్లు), ఆశ్రయ గృహాలు, తోడుతో కూడిన నివాసం, ఇంటి దగ్గరే పునరావాసం కూడా ప్రభుత్వం ఏర్పాటు చేయాలంటుంది. ఇవి నిజంగా అరుదైనవి, ఖర్చయ్యేవి. ఉన్న కొద్ది చోట్లను ఎవరికివ్వాలో తేల్చాల్సింది ఇక్కడే. ఫంక్షనల్ అసెస్‌మెంట్‌కు అసలైన చోటు ఇదే. అదీ మొత్తం అంకెగా కాదు. తొమ్మిది వచ్చిన ఇద్దరిలో ఒకరికి పెద్ద అంకె తన ఒంటిని చూసుకోవడం దగ్గర పడి ఉంటుంది, ఇంకొకరికి పనిలోనూ మనుషులతో మెలగడంలోనూ. మొదటివారికి నివాసం కావాలి. రెండోవారికి పగటిపూట వెళ్లి పని నేర్చుకునే కేంద్రం కావాలి, రాత్రికి ఇల్లు ఉంటే చాలు. బల్ల దగ్గర నాలుగు అంకెలూ పడతాయి. కార్డు మీదికొచ్చేసరికి మిగిలేది వైకల్యం రకం, శాతం. ఎవరికి ఏమి కావాలో చెప్పగల సమాచారమంతా ఆసుపత్రి బీరువాలో ఆగిపోతుంది.

శాతానికి ఇంత పట్టు ఉండకూడదని సుప్రీంకోర్టు కూడా వేర్వేరు సందర్భాల్లో అంది. 2021లో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం బెంచ్‌మార్క్ లేనివాళ్లకు కూడా పరీక్ష రాయడానికి లేఖకుడి లాంటి తగిన ఏర్పాట్లు పొందే హక్కు ఉందని తేల్చింది. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్, ఓం రాఠోడ్ కేసుల్లో, వైద్యవిద్య ప్రవేశాల సందర్భంగా, వైకల్యం శాతాన్ని చూసి మనిషిని పక్కన పెట్టకూడదనీ, ఆ మనిషి ఏమి చేయగలడో బోర్డు చూడాలనీ అంది. ఈ కేసులేవీ మానసిక రుగ్మతకు సంబంధించినవి కావు. వైద్యవిద్య కేసుల్లో గీత పడిన దిక్కు కూడా వేరు, అక్కడ ఎక్కువ శాతం అడ్డయింది, ఇక్కడ తక్కువ శాతం అడ్డవుతుంది. ప్రశ్న మాత్రం ఒకటే.

చివరగా, బల్ల దగ్గర ఎవరూ మార్కులు వేయని మనిషి ఒకరున్నారు. ఇంగ్లండ్ కేర్ యాక్ట్‌లో సాకే మనిషికి విడిగా అసెస్‌మెంట్ ఉంటుంది. ఆమె ఇంకా ఎంతకాలం చేయగలదు, చేయడానికి ఇష్టపడుతోందా, ఆమె ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారు. మన 2016 చట్టంలోనూ ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం అనే మాట 24వ సెక్షన్‌లో ఉంది. బోర్డు గదిలో మాత్రం తల్లి సాక్షి మాత్రమే. ఆమె వయసు అరవై నాలుగు, మోకాళ్ల నొప్పి, షుగరు. కొడుకు ఫైలులో ఆమె గురించి ఉన్నది ఒక్క గడి. "వెంట వచ్చినవారు" అన్నచోట, ఆమె వేలిముద్ర.